బీరువా తలుపు వెనక ఆఫీసు

మొన్న పురసవాక్కంలో మా దర్జీ ఇంటికి వెళ్లాను. గుమ్మానికి ఎర్ర తువ్వాలు వేలాడుతోంది. తలుపు తట్టబోతుంటే ఎదురింటామె చెయ్యి ఊపి ఆపింది.

"ఇప్పుడొద్దు సార్. లోపల కోడలు ఆఫీసులో ఉండాది. తువ్వాలు తీసినాక తట్టండి."

చెయ్యి దించేసి మెట్టు మీద నిలబడ్డాను. ఒకరి గుమ్మం ముందు వేచి ఉండే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. అయినా ఆ పావుగంటా నాకు పండగలా గడిచింది. ఈ తువ్వాలు పద్ధతి ఎక్కడిదమ్మా అని అడిగితే, "ఏమో సార్, తొండియార్‌పేట తట్టు అందరూ ఇట్టనే చేస్తా ఉండారంట, ఈ పిల్ల ఆడ నేర్చుకోని వచ్చింది" అంది.

ఆ తట్టున మొదటి తువ్వాలు కట్టిన మనిషి నాకు తెలుసు. పేరు రాయను. తన పేరు ఎవరి కాగితం మీదైనా పడితే, ఆ కాగితం పట్టుకుని ఎవరో ఒకరు ఇంటి మీదికి వస్తారని ఆమె నమ్మకం. ఆ నమ్మకం ఎక్కడిదో తర్వాత నాకు బాగానే తెలిసివచ్చింది.

నేనప్పుడు నగరానికి దక్షిణపు కొసన ఒక కంపెనీలో ఫ్లోర్ ఇన్‌ఛార్జిని. ఆసుపత్రులకు రోగులు చేసే ఫోన్లు మా దగ్గరికి వచ్చేవి. డాక్టరు ఏ పూట ఉంటాడు, రక్తపరీక్షకు తిని రావాలా తినకుండా రావాలా, రిపోర్టు వచ్చిందా లేదా, ఇవన్నీ మావాళ్లు చెప్పాలి. బారులు బారులుగా కుర్చీలు, వాటి మధ్య నడవా, నడవా చివర నా బల్ల. మా ముత్తాత చెంగల్పట్టు పక్కన పదకొండు ఊళ్లకు దొర. మా నాయన నాటికి ఊళ్లు పోయి పురసవాక్కం ఇల్లు మిగిలింది. నా నాటికి ఆ ఇంట్లో వెనక రెండు గదులు మిగిలాయి. ముందు భాగంలో ఇప్పుడు పట్టుచీరలు అమ్ముతారు. నేను మాత్రం ఆ బల్ల దగ్గర ఏ రోజూ వెనక్కి వాలి కూర్చోలేదు.

ఆమె తెలుగు లైను చూసేది. తొండియార్‌పేట నుంచి రావాలి. ఒక బస్సు, ఒక రైలు, మళ్లీ ఒక బస్సు. హార్బరు రోడ్డు మీద కంటెయినర్ లారీలు అడ్డం తిరిగితే రెండు గంటల దారి మూడు గంటలయ్యేది. చేతి గడియారం ఇరవై నిమిషాలు ముందుకు తిప్పి పెట్టుకునేది. ఎందుకమ్మా అంటే, "ఇది లారీ టైము సార్" అనేది. రైల్లో కమ్మీ పట్టుకుని నిలబడి నిద్రపోయేదట. తన స్టేషను వచ్చేముందు, ఎవరూ లేపకుండానే మెలకువ వచ్చేసేదట. ఇది పక్క కుర్చీల పిల్లలు ఆశ్చర్యంగా చెప్పుకునేవాళ్లు. ఫోన్లో రెండు మాటలు వినగానే మనిషి ఊరు చెప్పేది. "ఈయమ్మ గూడూరు తట్టు." "ఈయన మదనపల్లి, కానీ ఆలి ఊరు తిరుపతి." నేను రెండుమూడు సార్లు చూశాను, తప్పలేదు.

అన్నిటికన్నా వింత ఇంకొకటి. ముసలి గొంతు వినిపిస్తే చాలు, లేచి నిలబడేది. అంతమంది కూర్చుని మాట్లాడుతుంటే ఆమె ఒక్కతే చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, వయరు సాగినంత మేర నిలబడి, చేతులు కట్టుకుని మాట్లాడేది. కొత్తలో నాకు అది క్రమశిక్షణ లేకపోవడంగా తోచింది.

"ఏమ్మా, కుర్చీ బాగాలేదా?"

"కుర్చీకేం సార్, బాగుండాది. ఆడ పెద్దాయన మాట్లాడతా ఉండాడు. కూచోని ఎట్ట మాట్లాడేది?"

"ఆయనకు నువ్వు కనపడవు కదా."

"కనపడను సార్. వినపడతా కదా. కూచున్న గొంతు వేరే, నిలబడిన గొంతు వేరే. మీరు రికార్డు పెట్టుకోని వినండి."

నాకు ఒకరు చెబితే నమ్మే అలవాటు లేదు. ఆ సాయంత్రం రికార్డులు పెట్టుకుని విన్నాను. వేరే. నిజంగానే వేరే. నిలబడి మాట్లాడిన ప్రతిసారీ అవతలివాళ్లు ఆమెను "తల్లీ" అన్నారు. మా ఇంట్లో పెద్దలు వస్తే లేవాలని నేర్పినవాళ్లు ఉన్నారు, కనపడని పెద్దలకు లేవమని నేర్పినవాళ్లు మాత్రం లేరు.

తర్వాత కరోనా వచ్చింది. కంప్యూటర్లు వ్యానుల్లో ఎక్కించి ఇళ్లకు పంపాం. ఆ వ్యాను దగ్గర నిలబడి ఒక్కొక్క పెట్టెకూ సంతకం తీసుకుంటుంటే నాకు సంస్థ మునిగిపోతున్నట్టే ఉంది. ఇంటి దగ్గర పనేమిటి, పని చేసే చోటు పనికి, ఇల్లు ఇంటికి అనే కట్టుబాటులో పెరిగినవాణ్ణి. నెల తిరక్కముందే ఎలాగూ అందరూ వెనక్కి వస్తారనుకున్నాను.

ఆరు నెలలయ్యాక చూస్తే నా లెక్కలన్నీ తలకిందులు. ఫోన్లు ఎత్తడం ఆలస్యం కాలేదు. సగం నేర్చుకుని మానేసి వెళ్లేవాళ్లు మానేయడం మానుకున్నారు. తిరునల్వేలిలో ఉన్న అమ్మాయిని తిరునల్వేలిలోనే ఉంచి, చిత్తూరు అబ్బాయిని చిత్తూరులోనే ఉంచి పనిలోకి తీసుకోవచ్చని కంపెనీకి అర్థమైంది. ఖాళీ అంతస్తుకు అద్దె, ఖాళీ కుర్చీలకు చల్లగాలి ఎందుకన్న ప్రశ్న వచ్చింది. అది కంపెనీ సంగతి. పనిచేసేవాళ్ల సంగతి నాకు ఆమె చెప్పింది. ఒకరోజు ఫోన్ చేసింది, గొంతులో పెళ్లి సందడి.

"సార్, పదకొండేళ్లయినాక సాయంత్రం ఎట్ట ఉంటాదో చూసినా."

"సాయంత్రమా?"

"అవును సార్. ఐదున్నరకి మా సందులో ఎండ గోడ మీద నుంచి దిగతాది. నాకు తెలీదు ఇన్నాళ్లూ. నా దినంలో నాలుగు గంటలు ఎవురో ఎత్తుకోని పోతా ఉండారు, ఇప్పుడు తెచ్చి చేతిలో పెట్టినారు. మొదటి రోజు ఏం చేసేదో తెలీక సుమ్మా కూచున్నా."

రెండో వారం నుంచి సుమ్మా, అంటే ఊరికే, కూర్చోలేదు. పదో తరగతి చదివే కూతురి దగ్గర సైకిలు నేర్చుకుంది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, సముద్రం పక్క రోడ్డు మీద, వెనక కూతురు సీటు పట్టుకుని పరిగెత్తుతుంటే. పడి మోకాలు చెక్కుకుపోయిన సంగతి కూడా గొప్పగా చెప్పుకుంది. నాకు ఆ రోజు మొదటిసారి అనుమానం వచ్చింది, పని చేసే చోటు గురించి నాకు తెలిసింది కొంచెమేనేమో అని.

ఇంతలో కంపెనీ తీర్మానం చేసింది. అంతస్తు ఇచ్చేస్తారు. అందరూ ఇక శాశ్వతంగా ఇంటినుంచే. అయితే ఒక ఫారం. వేరే గది ఉందా, దానికి తలుపు ఉందా, తాళం పడుతుందా, పొడవెంత, వెడల్పెంత. రోగుల సంగతులు బయటివాళ్ల చెవిన పడకూడదు కాబట్టి అడగడం సబబే. గది లేనివాళ్లు కోయంబత్తూరు ఆఫీసుకు మారాలి, లేదా రాజీనామా ఇవ్వాలి. ఇళ్లు చూసి ఫారాలు నింపే పని నాది.

ఆమె ఇంట్లో ఉన్నది ఒకటే గది అని నాకు ముందే తెలుసు. భర్త హార్బరులో క్రేను నడుపుతాడు, కదలలేడు. పాపకు పరీక్షలు. కోయంబత్తూరు అంటే ఆమెకు ఉద్యోగం పోయినట్టే. ఉన్నది ఉన్నట్టు రాయడం తప్ప నాకు ఇంకోటి చేతకాదు. ఫారం, టేపు సంచిలో పెట్టుకుని పోయాను.

సందు మొదట్లోనే చేపలమ్మే ఆమె ఎదురైంది. గంప నెత్తిన ఉంది, నోరు మాత్రం తెరవడంలేదు. ఇంటింటి ముందూ ఆగి వేళ్లతో చెబుతోంది, ఏ చేప, ఎంత. నాకు మూగదేమో అనిపించింది. కొళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలో గుడ్డ వేసి నీళ్లు పడుతున్నారు, చప్పుడు కాకుండా. ఒక గుమ్మానికి ఎర్ర తువ్వాలు. అదే ఆమె ఇల్లు. ఆమె డ్యూటీలో ఉంది. బ్రేకు పన్నెండుకి. అందాకా బయటి కొలతలైనా తీసుకుందామని టేపు బయటికి తీసి గుమ్మానికి పట్టాను.

కొళాయి ఆగిపోయింది. ఎదురింటి ముసలామె, సందంతా పెద్దమ్మ అని పిలిచే మనిషి, లేచి వచ్చి నాకూ గుమ్మానికీ మధ్య నిలబడింది. మాట గుసగుసగా వచ్చింది.

"ఎవురు సామీ నువ్వు?"

"కొలతలు తీసుకోవాలి."

"ఎందుకు?"

"ఈ ఇల్లు పనికొస్తుందో లేదో చూడాలి."

అంతకన్నా చెడ్డ మాట ఆ సందులో ఇంకోటి లేదని నాకెలా తెలుస్తుంది. క్షణంలో పదిమంది, ఇంకో క్షణంలో ఇరవైమంది. ఒకావిడ నా టేపు రెండో కొస పట్టుకుంది. ఒకాయన నా ఫారం లాక్కుని తలకిందులుగా చదువుతున్నాడు. వింతేమంటే, గొడవంతా గుసగుసల్లోనే. తువ్వాలు వేలాడుతోంది కదా.

"టేపు పట్టుకోని ఈ సందుకొచ్చినోడు ఎవుడూ మంచికి రాలా," పెద్దమ్మ నా చెవి దగ్గరకొచ్చి అంది. "పోయినసారి కొలిచినోళ్లు కాలవ గట్టు మీద ఇళ్లన్నీ పీకి, మనుషుల్ని ఊరి బయట పారేసినారు. నా చెల్లెలు ఆడ ఉండాది ఇప్పుడు, బస్సు కూడా రాదు. ఇప్పుడెవుర్ని కొలవను వచ్చినావు?"

"నేను గవర్నమెంటు మనిషిని కాదు," నేనూ గుసగుసగానే అన్నాను.

"వాళ్లూ అదే చెప్పినారు," ఫారం తలకిందులుగా పట్టుకున్నాయన అన్నాడు. "కాంట్రాక్టు అన్నారు."

"చొక్కా చూడు, ఇస్త్రీ చూడు," టేపు పట్టుకున్నావిడ అంది. "ఇంత నిలువుగా నిలబడేది ఆపీసర్లే."

అందరూ నోళ్లు మూసుకుని నవ్వారు. నన్ను అంతవరకూ ఎవరూ "ఎవరు నువ్వు" అని అడగలేదు. కోపం రావాల్సింది. రాలేదు. మా పురసవాక్కం ఇంటికి జప్తుకు కోర్టు అమీనా వచ్చిన రోజు నాకు తొమ్మిదేళ్లు. హాలు కొలిచాడు, మేడ కొలిచాడు, మా అవ్వ పడుకునే పందిరిమంచం కూడా కొలిచాడు. ఆయనకు మా మీద పగ లేదు. నాలాగే ఫారం నింపుకుంటున్నాడు. ఆ మంచం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డ మా అవ్వ ముఖం లాంటిదే ఇప్పుడు నా ఎదుట పెద్దమ్మ ముఖం.

టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాను. మెట్టు మీద కూర్చున్నాను. పెద్దమ్మ నన్ను కాపలా కాస్తున్నట్టు పక్కనే కూర్చుంది. లోపలినుంచి ఆమె గొంతు వస్తోంది, గొంతు మాత్రమే, మాటలు కావు. చెవి ఒగ్గి వినబోయాను. ఎవరి పేరూ, ఏ జబ్బూ తెలియలేదు.

పన్నెండుకి ఆమె వచ్చి తువ్వాలు తీసింది. తీసీ తీయగానే సందు మొత్తం పేలింది. బిందెలు, పిల్లలు, "వంజరం, వంజరం" అని చేపలామె, ఒక మిక్సీ.

"అయ్యో, మా ఆఫీసు సారు పెద్దమ్మా. నా ఉద్యోగం సంగతి చూడను వచ్చినారు."

"ముందే చెప్పకూడదా సామీ," పెద్దమ్మ ఇప్పుడు గట్టిగా అంది. "కొట్టేవాళ్లం."

నవ్వు. నేనూ నవ్వాను. ఆమె లోపలికి పిలిచింది. గది మూలన ఇనప బీరువా గోడ వైపు ముఖం తిప్పి, ఎడంగా జరిపి ఉంది. బీరువాకూ గోడకూ మధ్య బల్ల, కంప్యూటరు. బీరువా తలుపులు రెండూ తెరిస్తే రెండు పక్కలా మూసుకుపోతుంది. తలుపుల లోపలి వైపు పాత బొంతలు కుట్టి తగిలించింది. అందుకే మాటలు బయటికి రాలేదు.

"తలుపుండాల అని రాసినారు సార్. ఇదిగో తలుపు, ఒకటి కాదు, రెండు. తాళం అన్నారు. ఇదిగో తాళం. గది అన్నారు." అక్కడ ఆగింది. "గది లేదు సార్. ఉండాది అని చెప్పను."

పైన అటక తలకు తగిలేంత కిందికి ఉంది. అక్కడ నిలబడటానికి వీల్లేదు కదమ్మా అన్నాను. మెడ వంచి చూపించింది. ముసలివాళ్లు ఫోన్ చేస్తే అలా మెడ వంచుకుని నిలబడి మాట్లాడుతుందట. "ఇంకా మంచిదే సార్, దండం పెట్టినట్టు ఉండాది." దాహంగా ఉందంటే, "ఇంకా నాలుగు నిమిషాలే ఉండాది సార్, కుండ ఆడ ఉండాది, మీరే ముంచుకోండి" అని అన్నం కలుపుకుంది. ఎవరింట్లోనూ నేను నీళ్లు ముంచుకుని తాగింది లేదు. ఆ రోజు రెండు గ్లాసులు తాగాను.

ఫారంలో గది ఎదురుగా "లేదు" అనే రాశాను. అబద్ధం రాయలేదు. మర్నాడు అది తీసుకుని మేనేజరు దగ్గరికి పోయాను. హైదరాబాదు అతను, చిన్న వయసు, మంచివాడే.

"సర్, నాకూ ఉంచాలనే ఉంది. కానీ గది లేదని మీరే రాశారు. రేపు ఆసుపత్రి వాళ్లు అడిగితే ఏం చెప్పను?"

"నిన్న పదకొండు నుంచి పన్నెండు దాకా ఆమె రికార్డులు పెట్టి వినండి."

విన్నాడు. ఒక మదనపల్లి పెద్దాయనకు మోకాలి ఆపరేషను తేదీ, ఒక బాలింతకు టీకా తేదీ. హెడ్‌ఫోన్లు చెవులనుంచి తీసి, "బాగా మాట్లాడింది. ఇందులో ఏముంది సర్?" అన్నాడు.

"ఇంకేమైనా వినిపించిందా?"

"ఏమీ లేదు."

"అదే గంటలో ఆ గుమ్మం ముందు ఇరవైమంది నాతో పోట్లాడుతున్నారు. ఒకావిడ నా టేపు పట్టుకుని లాగుతోంది."

నా ముఖం చూసి మళ్లీ చెవులకు పెట్టుకున్నాడు. ఈసారి కళ్లు మూసుకుని విన్నాడు. ఇంకోసారి విన్నాడు. తర్వాత కుర్చీలోంచి లేచి అటూ ఇటూ తిరిగాడు.

"మన అంతస్తులో కూడా ఇంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు సర్."

"లేదు. మనం గోడలు అడుగుతున్నాం. ఆ సందు మొత్తం ఆమెకు గోడగా నిలబడింది. ఆ సంగతి రాయడానికి మన ఫారంలో చోటు లేదు."

"మీరు పూచీ పడతారా? తేడా వస్తే మీ పేరే ఉంటుంది. ఇంకోటి, అంతస్తు ఇచ్చేస్తే ఫ్లోర్ ఇన్‌ఛార్జి పోస్టు కూడా ఉండదు. ఈ ఫారాలన్నీ పూర్తయ్యేదాకే మీరు. అది తెలిసే అడుగుతున్నారా?"

"తెలిసే."

కాగితం నా ముందుకు జరిపాడు. మా ఇంట్లో మూడు తరాలుగా పెట్టిన ప్రతి సంతకానికీ ఏదో ఒకటి చేయి దాటిపోయింది. ఊరు, తోట, మేడ. మా నాయన కలం తీసుకుంటే మా అమ్మ పక్క గదిలోకి వెళ్లిపోయేది. ఆ రోజు నేను పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, వంకర లేకుండా రాశాను. ఒకరి ఇంట్లో ఏదో ఒకటి నిలబడటానికి మావాళ్లు పెట్టిన సంతకం, నాకు తెలిసి, అదే మొదటిది. ఆ తర్వాత ఒక్కగది ఇళ్ల కోసం అలాంటివి ఇంకో పద్నాలుగు పెట్టాను. చెయ్యి నొప్పి పుట్టలేదు.

ఆమెకు వెంటనే చెప్పాలి. డ్యూటీలో సొంత ఫోన్ ఎత్తదు, ఆ నియమం పెట్టింది నేనే. సాయంత్రం దాకా ఆగడం నా వల్ల కాలేదు. ఆసుపత్రి నంబరుకే ఫోన్ చేశాను. తెలుగుకు రెండు నొక్కండి అంది యంత్రం. నొక్కాను. వేరే అమ్మాయి ఎత్తింది. క్షమించమని పెట్టేసి మళ్లీ చేశాను. నాలుగోసారికి ఆమె వచ్చింది.

"నమస్కారం. చెప్పండి, ఏం సాయం కావాల?"

"అమ్మా, నేను."

 అదే గొంతుతో, "పేషంటు వివరం చెప్పండి సార్" అంది. లైను రికార్డు అవుతుంది. ఆమె అది మర్చిపోలేదు.

"కోయంబత్తూరు పోవాల్సిన పని లేదు. ఉన్నచోటే ఉండొచ్చు. సంతకం అయిపోయింది."

ఊపిరి మాత్రం వినిపించింది. లోపలికి తీసుకున్నది, బయటికి వదలనిది.  

"సరి సార్. రాసుకున్నాను," అంది చివరికి. ఒక్కొక్క మాటా ఏరుకుని పెడుతున్నట్టు. "ఇంకేమన్నా సాయం కావాలా సార్?"

"ఏమీ వద్దమ్మా."

ఆమె పెట్టేసింది. సేవ ఎలా ఉందో ఒకటి నుంచి ఐదులోపు అంకె నొక్కి చెప్పమని యంత్రం అడిగింది. కంపెనీ మనుషులు తమవాళ్లకు మార్కులు వేయకూడదని ఒక రూలు ఉంది, అదీ నేను రాసిందే. ఐదు నొక్కాను.